ఐస్‌క్రీం పుల్లల బ్రిడ్జి పక్కకి మెలితిరిగిపోతోంది, తేడా ఎక్కడ?

ఆరో_క్లాసు_అమ్మ
అందరికీ నమస్కారం. మావాడికి స్కూల్లో బ్రిడ్జి ప్రాజెక్టు ఇచ్చారు. ఐస్‌క్రీం పుల్లలు, తెల్ల జిగురు, దారం, ఇవి మాత్రమే వాడాలి. రెండు బల్లల మధ్య 40 సెంటీమీటర్ల ఖాళీ దాటాలి. సరిగ్గా మధ్యలో బకెట్ తగిలించి విరిగేదాకా ఇసుక పోస్తారట. మోసిన బరువుని బ్రిడ్జి సొంత బరువుతో భాగించి మార్కులు వేస్తారు, కాబట్టి ఇష్టమొచ్చినన్ని పుల్లలు అంటించేస్తే లాభం లేదు.

వాడు అటొకటి ఇటొకటి త్రిభుజాల గోడలు కట్టి, కింద అడ్డపుల్లలతో రోడ్డు వేశాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. బరువు పెడితే మాత్రం కిందికి వంగడం లేదు, గోడలు రెండూ ఒక పక్కకి ఒరిగి మెలితిరిగిపోతున్నాయి. గోడలకి డబుల్ పుల్లలు వేద్దామని వాడంటాడు. జిగురు సరిగ్గా ఆరలేదని వాళ్ళ నాన్న అంటారు. ఎవరిది కరెక్టు?

గాలిపటం
ఇద్దరిదీ కాదనుకుంటా :) పైన రెండు గోడల్నీ కలుపుతూ అడ్డపుల్లలు ఉన్నాయా?

ఆరో_క్లాసు_అమ్మ
లేవండి. పైన మూసేస్తే బొమ్మ లారీని చేత్తో పట్టుకుని నడపడం కుదరదని వదిలేశాడు.

పాత_సివిల్
దొంగ దొరికాడు. గాలిపటం గారు సరిగ్గానే పట్టారు. కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది పిల్లల బ్రిడ్జిలకే వచ్చే జబ్బు కాదు.

మధ్యలో బరువు వేలాడితే గోడ అడుగు వరసలోని పుల్లల్ని రెండు చివరల నుంచీ లాగినట్టవుతుంది. పైవరస పుల్లల్ని రెండు చివరల నుంచీ నొక్కినట్టవుతుంది. లాగితే ఏ పుల్లయినా తిన్నగానే ఉంటుంది. నొక్కితే అలా కాదు, ఎటు బలం తక్కువో అటు వంగి తప్పించుకోవాలని చూస్తుంది. ప్లాస్టిక్ స్కేలుని బల్ల మీద నిలబెట్టి పైనుంచి అరచేత్తో నొక్కి చూడండి. విరిగే లోపే పక్కకి వంగిపోతుంది. దీన్నే బక్లింగ్ అంటారు. 18వ శతాబ్దంలోనే ఆయిలర్ అనే గణితవేత్త దీనికి లెక్క కట్టాడు. అదే పుల్ల పొడవు సగానికి తగ్గిస్తే నాలుగు రెట్లు నొక్కుడు తట్టుకుంటుంది.

మీవాడి గోడల పైవరసకి ఈ చివర నుంచి ఆ చివర దాకా పక్కనుంచి పట్టుకునే ఆసరా ఏదీ లేదు. ప్రతి జాయింటు దగ్గరా ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక అడ్డపుల్ల వేయాలి. అక్కడితో ఆగిపోతే రెండు గోడలూ జట్టుగా ఒకే పక్కకి ఒరుగుతాయి, అందుకని అడ్డపుల్లల మధ్య ఏటవాలుగా ఎక్స్ ఆకారంలో పుల్లలు కూడా కావాలి. రెండు చివర్లా గుమ్మంలా కనిపించే చోట మూలలకి చిన్న ముక్కలు అంటిస్తే ఆ గుమ్మం ఒరగదు. గోడలకి డబుల్ పుల్లలు వేస్తే బరువు పెరుగుతుంది, ఒరగడం మాత్రం పూర్తిగా ఆగదు.

కెనడాలో క్యూబెక్ బ్రిడ్జి 1907 ఆగస్టు 29న కడుతుండగానే కూలిపోయింది, 75 మంది పోయారు. అది వేరే తరహా బ్రిడ్జి, దాంట్లో నొక్కుడు అడుగు వరస మీద పడుతుంది. అక్కడి భారీ ఉక్కు కడ్డీల్లో పలకల్ని కలిపి పట్టుకోవాల్సిన సన్నటి అల్లిక చాలక అవి వంగిపోయాయి. మీవాడి బ్రిడ్జి పైన లేనిది కూడా అలా కలిపి పట్టుకునేదే.

టీచరమ్మ
పాత_సివిల్ గారూ, చాలా బాగా చెప్పారు. కానీ అమ్మా, ఈ పోస్టు మాత్రం బాబుకి ఇప్పుడే చూపించకండి.

మళ్ళీ బరువు పెట్టమనండి. ఈసారి గోడల పై అంచుల్ని రెండు వేళ్ళతో, ఊరికే తాకినట్టు పట్టుకోమనండి. మెలితిరగదు. వేలి మీద మాత్రం తోపు తెలుస్తుంది, ఎటు తోస్తోందో కూడా తెలుస్తుంది. అప్పుడు "నీ వేళ్ళు తీసేస్తే వాటి బదులు అక్కడ ఏం పెడతావు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. మా క్లాసులో పిల్లలు అడ్డపుల్ల దాకా చాలా త్వరగా వచ్చేస్తారు. ఎక్స్ దాకా రావడానికే కాస్త టైం పడుతుంది, పట్టనివ్వండి.

ఎల్లుండే_సబ్మిషన్
మేడమ్, సిద్ధాంతం బాగుంది. మా ఇంట్లో ప్రాజెక్టు సంగతి రాత్రి పడుకోబోయే ముందు బయటపడుతుంది, అదీ పొద్దున్నే ఇవ్వాలని. ఆ టైంలో వేలు పెట్టి ఆలోచించుకోమంటే కుదిరే పనేనా? నేను కట్టేస్తా, మార్కులు మా పాపకి. అందరం హ్యాపీ.

టీచరమ్మ
తెలిసిపోతుందండీ. పెద్దవాళ్ళు కట్టిన బ్రిడ్జిని పట్టుకోవడం నిమిషం పని. ఏదో ఒక పుల్ల మీద వేలు పెట్టి "ఇది తీసేస్తే ఏమవుతుంది?" అని అడుగుతాం. కట్టిన పిల్లయితే తప్పో ఒప్పో ఏదో ఒకటి గడగడా చెప్తుంది. కట్టని పిల్ల మీ వైపు చూస్తుంది :)

చెక్కపని
జిగురు సంగతి నేను చెప్తా. ఊడిన జాయింటుని పారేయకండి, వెలుతురులో పెట్టి దగ్గరగా చూడండి. ఊడిన చోట జిగురు నున్నగా మెరుస్తూ, గోరుతో గీకితే పొరలా లేచి వస్తోందంటే అది చెక్కలోకి దిగలేదన్నమాట. ఆరకముందే కదిపి ఉంటారు, లేదా అంటించాక నొక్కి ఉంచలేదు. అలా ఉంటే ఆ జాయింటు వరకు వాళ్ళ నాన్నగారే కరెక్టు. అలాకాకుండా ఒక పుల్ల పీచు రెండో పుల్లకి అంటుకుని, ఊడిన చోటు గరుకుగా ఉంటే జిగురు తన పని తాను చేసింది, చెక్కే చీలింది. అక్కడ ఇంకా జిగురు పోసి ప్రయోజనం లేదు, అతుకు పొడవు పెంచాలి.

తెల్ల జిగురు రెండు పుల్లలకీ పల్చగా రాయాలి. బట్టల క్లిప్పు పెట్టి రాత్రంతా కదపకుండా వదిలేయాలి. ఎక్కువ రాస్తే బలం పెరగదు, ఆ తేమకి పుల్లలు వంకర్లు పోతాయి. ఇంకో మాట. ప్యాకెట్లో పుల్లలన్నీ ఒక్క తీరుగా ఉండవు. కంటి ముందు పెట్టుకుని పొడవునా చూస్తే వంకర తెలుస్తుంది. వంకర ఉన్నవి, మధ్యలో ముడి ఉన్నవి పైవరసకి పనికిరావు, రోడ్డుకి వాడెయ్యండి.

ఎల్లుండే_సబ్మిషన్
హాట్ గ్లూ గన్ అయితే ఈ రాత్రంతా ఆరబెట్టే గోల ఉండదు కదా?

చెక్కపని
వాళ్ళ రూల్స్‌లో లేదు. ఉన్నా నేను వద్దనే అంటాను. అది చెక్క మీద ముద్దగా కూర్చుంటుంది గానీ లోపలికి దిగదు. బరువు పడితే కొద్దికొద్దిగా సాగి ఊడుతుంది. ఆ ముద్దలన్నీ తూకంలోకి వస్తాయి. పైగా పిల్లల వేళ్ళు కాలుతాయి.

లెక్కల_పురుగు
పుల్ల ఎలా పెట్టారన్నది కూడా చూడాలి. మామూలు ఐస్‌క్రీం పుల్ల దాదాపు 10 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం. బల్లపరుపుగా పెట్టి పైనుంచి వంచితే ఎంత గట్టిగా ఉంటుందో, అదే పుల్లని అంచు మీద నిలబెట్టి వంచితే దానికి 25 రెట్లు గట్టిగా ఉంటుంది. ఏ వైపు వంగుతుందో ఆ వైపు మందాన్ని ఘనం చేయాలి, దాన్ని వెడల్పుతో గుణించాలి. పడుకోబెడితే 10 × 8 = 80. నిలబెడితే 2 × 1000 = 2000. పుల్ల అదే, బరువూ అదే.

కాబట్టి రోడ్డు కింద అడ్డంగా వెళ్ళే పుల్లల్ని నిలబెట్టి అంటించమనండి. అంటించడం కాస్త కష్టం, అంచు సన్నగా ఉంటుంది కదా. రెండు పక్కలా చిన్న ముక్కలు ఆనించి పెడితే నిలబడుతుంది.

హోరుగాలి
మెలితిరగడం అంటే అమెరికాలో గాలికి కూలిన టకోమా బ్రిడ్జే గుర్తొస్తుంది నాకు. ఆ పాత వీడియో పిల్లలకి తప్పకుండా చూపించండి, కాంక్రీటు రోడ్డు అలా అటూ ఇటూ మెలిపడుతుంటే కళ్ళు తిప్పుకోరు. గాలి ఊపు, బ్రిడ్జి ఊపు ఒకటైపోయి రెజొనెన్స్ వచ్చి కూలింది.

పాత_సివిల్
చాలా పుస్తకాల్లో అలాగే రాశారు గానీ అసలు సంగతి అది కాదండీ. ఆ బ్రిడ్జిని 1940 జులై 1న తెరిచారు, నవంబరు 7న కూలింది. ఆ రోజు గాలి గంటకి దాదాపు 64 కిలోమీటర్ల వేగంతో వీస్తోంది. రెజొనెన్స్ రావాలంటే గాలి ఒక తాళంలో ఆగి ఆగి తొయ్యాలి. ఇక్కడ గాలి ఎడతెరిపి లేకుండా వీస్తూనే ఉంది. రోడ్డు కాస్త మెలిపడగానే గాలి దాన్ని తాకే తీరు మారింది, అలా మారిన గాలి మెలిని ఇంకా పెంచింది, పెరిగిన మెలి మళ్ళీ గాలిని మార్చింది. దీన్ని ఫ్లట్టర్ అంటారు. 853 మీటర్ల పొడవున వేలాడే రోడ్డుకి పక్కన ఉన్నది 2.4 మీటర్ల ఎత్తు ఉక్కు పలకలే, అవి కూడా గాలి దూరే సందు లేకుండా మూసేసినవి. 1950లో తెరిచిన కొత్త బ్రిడ్జికి లోతైన ట్రస్సులు, అంటే త్రిభుజాలుగా అల్లిన ఉక్కు చట్రాలు పెట్టారు, గాలి వాటి సందుల్లోంచి వెళ్ళిపోతుంది.

తాళానికి ఊగి కూలినదే కావాలంటే ఇంగ్లండులో 1831 నాటి బ్రాటన్ వేలాడే వంతెన ఉంది. సైనికులు కవాతు చేస్తూ అడుగులు కలిపి నడుస్తుంటే ఒక బోల్టు విరిగి బ్రిడ్జి ఒక చివర కూలింది. ఎవరూ చనిపోలేదు. బ్రిడ్జి మీద అడుగు కలపొద్దని అక్కడి సైన్యం ఆ తర్వాతే నియమం పెట్టింది.

మోడరేటర్
గాలి, సైనికులు బాగానే ఉన్నారు గానీ పుల్లల దగ్గరికి వద్దాం. అడిగినావిడ ఇంకా ఎదురుచూస్తున్నారు.

ఆరో_క్లాసు_అమ్మ
ఎదురుచూడ్డం లేదండీ, పని నడుస్తోంది. టీచరమ్మ గారు చెప్పినట్టే చేశాం. వేళ్ళతో పట్టుకోగానే "అమ్మా, ఇది నన్నే తోసేస్తోంది!" అని ఒకటే నవ్వు. అడ్డపుల్లలు వెంటనే వేశాడు. అవి ఆరాక మళ్ళీ రెండు గోడలూ కలిసి ఒరిగాయి, మొహం చిన్నబోయింది. కాసేపు దాని చుట్టూ తిరిగి, గోడల్లో ఉన్న త్రిభుజాలే పైన కూడా కావాలని వాడే కనిపెట్టాడు. నేను నోరు విప్పలేదు, ఒట్టు. బొమ్మ లారీ ఇప్పుడు సొరంగంలోకి వెళ్ళినట్టు వెళ్తోంది, అదింకా బాగుందట.

ఇప్పుడు మెలి లేదు. మునుపటి కంటే చాలా ఎక్కువ మోసింది. కానీ చివరికి అడుగు వరస మధ్యలో టప్పుమని ఊడింది. చెక్కపని గారు చెప్పినట్టు చూశాం, గరుకుగా, పీచుతో వచ్చింది. ఒక్క విషయం, బకెట్ వేలాడే దారం కట్టింది జాయింటు దగ్గర కాదు, రెండు జాయింట్ల నడుమ. వీడు మళ్ళీ మొదటికొచ్చాడు, అన్నీ డబుల్ చేసేద్దామంటున్నాడు.

పాత_సివిల్
అక్కడే ఆపండి. ఈ కథ వాడికి చెప్పండి.

1840లలో వేల్స్‌లో రైలు కోసం బ్రిటానియా బ్రిడ్జి కట్టాలి. రైలు లోపలి నుంచి వెళ్ళేంత పెద్ద ఇనుప గొట్టం లాంటి బ్రిడ్జి, అంతకుముందు అంత పెద్దది ఎవరూ కట్టలేదు. దాని ఇంజినీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్. ఆయన కోసం విలియం ఫెయిర్‌బెయిర్న్ అసలు సైజులో ఆరో వంతు ఉండే మోడల్ చేసి, విరిగేదాకా బరువు వేశాడు. విరిగాక మోడల్ మొత్తాన్ని లావు చేయలేదు. ఎక్కడ విరిగిందో అక్కడే బలపరిచి మళ్ళీ బరువు వేశాడు. ఈసారి ఇంకోచోట విరిగింది, అక్కడ బలపరిచాడు. చివరికి వచ్చేసరికి ఇనుము కాస్త పెరిగింది, మోసే బరువు మాత్రం మొదటిదానికి రెట్టింపు దాటింది. ఆ లెక్కలతోనే అసలు బ్రిడ్జి కట్టి 1850లో తెరిచారు.

మీవాడిది ఊడింది ఒక్కచోట. మిగతా పుల్లలన్నీ ఆ బరువుని మోస్తూనే ఉన్నాయి కదా, వాటిని ఎందుకు డబుల్ చేయడం? మార్కులు బరువుతో భాగించే కదా ఇచ్చేది.

చెక్కపని
పుల్ల పొడవు పదకొండు సెంటీమీటర్ల పైచిలుకు, అంతే. 40 దాటాలంటే అడుగు వరసలో అతుకులు తప్పవు. ఆ అతుకుల్లో ఏదీ సరిగ్గా మధ్యకి రాకూడదు, లాగుడు అక్కడే ఎక్కువ. అడుగు వరస ఒక్కదాన్ని రెండు పొరలుగా వేసి, గోడకి ఇటుకలు పేర్చినట్టు, కింది పొర అతుకు మీదికి పై పొర పుల్ల నడిమి భాగం వచ్చేలా జరపండి. పొరల మధ్య పొడవునా జిగురు పడుతుంది కాబట్టి పీచు చీలే భయం తగ్గుతుంది.

దారం సంగతి మీరే పట్టేశారు. నడుమ కడితే ఆ పుల్ల లాగుడుకి తోడు కిందికి వంగడం కూడా మోయాలి. జాయింటు మీదే కట్టాలి. రెండు గోడల్లోనూ మధ్య జాయింట్ల మీదుగా ఒక పుల్లని అంచు మీద నిలబెట్టి, దారం దానికి వేలాడదీయండి.

ఇద్దరు_పిడుగులు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మావాళ్ళు ఇంకా చిన్నవాళ్ళు, ఒకరికి ఐదేళ్ళు, ఒకరికి ఏడు. జిగురు ఆరేదాకా ఆగే రకాలు కారు. వాళ్ళకేమైనా ఉందా?

టీచరమ్మ
బోలెడు. రెండు పుస్తకాల దొంతరల మధ్య ఒక కాగితం పెట్టి దాని మీద పెన్సిలు పెట్టమనండి, కాగితం కూలుతుంది. అదే కాగితాన్ని సన్నగా ముందుకీ వెనక్కీ విసనకర్ర మడతలు పెట్టి మళ్ళీ పెట్టమనండి. ఎన్ని పెన్సిళ్ళు ఆగుతాయో వాళ్ళే లెక్కపెట్టుకుంటారు. ఎక్కువ పెట్టేకొద్దీ మడతలు పక్కలకి విచ్చుకుంటాయి. అది మీరు చెప్పకండి, వాళ్ళు చూస్తారు.

పాత పేపర్లుంటే ఒక మూల నుంచి ఏటవాలుగా, పెన్సిలంత సన్నగా చుట్టి చివర టేపు వేయండి. చుట్ట వదులైతే బలం ఉండదు. ఆ గొట్టాలతో పిల్లలు తమంత ఎత్తు బ్రిడ్జి కట్టేస్తారు. ముందు ఒక చతురస్రం, ఒక త్రిభుజం చేయించి మూలలు పట్టుకుని ఊపమనండి. ఏది కదలట్లేదో ఏడేళ్ళ పిల్లకి కూడా వెంటనే తెలుస్తుంది.

గాలిపటం
ఇద్దరు పిల్లలూ, ఇద్దరు పెద్దవాళ్ళూ ఉంటే వస్తువులే అక్కర్లేదు. స్కాట్లాండులో ఫోర్త్ రైలు బ్రిడ్జి కడుతున్న రోజుల్లో దాని ఇంజినీరు బెంజమిన్ బేకర్ 1887లో మనుషులతోనే మోడల్ చేసి చూపించాడు. ఇద్దరు కుర్చీల్లో కూర్చుని చేతులు రెండు పక్కలకీ చాపారు. చేతుల కొసల నుంచి కుర్చీల దాకా ఏటవాలుగా కర్రలు. వాళ్ళిద్దరి నడుమ, చేతులకి ఆనించిన పలక మీద జపాన్ ఇంజినీరు కైచి వతనబే కూర్చున్నాడు. బయటి చేతులకి ఇటుకల బరువు కట్టారు, అది లేకపోతే ఇద్దరూ లోపలికి పడతారు. చేతులు లాగుడు మోస్తాయి, కర్రలు నొక్కుడు మోస్తాయి. బ్రిడ్జి 1890లో తెరిచారు, దాంట్లో స్తంభాల మధ్య ఉన్న పెద్ద ఖాళీలు ఒక్కోటి 521 మీటర్లు.

ఇంట్లో అయితే మధ్యలో పిల్లాడి బదులు బొమ్మని కూర్చోబెట్టండి చాలు. చేతులు లాగేస్తుంటే ఎక్కడ లాగుతోందో పిల్లలే చెప్తారు.

చెక్కపని
ఏడేళ్ళ వాడికైతే లియొనార్డో డావిన్చీ బ్రిడ్జి. జిగురు, మేకు, దారం ఏమీ ఉండవు. పుల్లల్ని ఒకదాని పైనా ఒకదాని కిందా అల్లుకుంటూ పోతే కమానులా లేస్తుంది, పైనుంచి నొక్కేకొద్దీ బిగుస్తుంది. ఐస్‌క్రీం పుల్లలు నున్నగా జారిపోతాయి, కాస్త పొడవాటి గరుకు పుల్లలైతే తేలిక. మొదట్లో ఒకరు పట్టుకోవాలి, ఒకరు దూర్చాలి. ఇద్దరున్నారు కదా, కొట్టుకోకపోతే అయిపోతుంది.

బుజ్జి_నాన్న
మా అమ్మాయి అడిగింది, నాకు సమాధానం రాలేదు. "నా బ్రిడ్జి తన బరువుకి వంద రెట్లు మోసింది. నిజం బ్రిడ్జిలు కట్టేవాళ్ళు అలా ఎందుకు కట్టరు?" అని.

లెక్కల_పురుగు
భలే అడిగింది. తన బ్రిడ్జిని అదే ఆకారంలో, అదే చెక్కతో పది రెట్లు పెద్దది చేసిందనుకుందాం. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదింతలవుతాయి కాబట్టి బరువు వెయ్యింతలవుతుంది. బలం మాత్రం పుల్ల అడ్డుకోతని బట్టి ఉంటుంది, అది వెడల్పు, మందం రెండిట్లోనే పెరిగి వందింతలవుతుంది. అంటే మోసే బరువుకీ సొంత బరువుకీ నిష్పత్తి పదో వంతుకి పడిపోతుంది. ఇంకా పెంచుకుంటూ పోతే ఒక సైజు దగ్గర తన బరువుకి తనే కూలుతుంది. గెలీలియో 1638లో ఈ సంగతే రాశాడు. పెద్ద బ్రిడ్జిల బలంలో చాలా భాగం వాటిని అవి మోసుకోవడానికే సరిపోతుంది, లారీలూ రైళ్ళూ మిగిలిన దాంట్లో సర్దుకోవాలి.

ఆరో_క్లాసు_అమ్మ
అడుగు వరస రెండు పొరలు వేశాడు, ఇప్పుడు క్లిప్పులతో ఆరుతోంది. స్కూలుకి తీసుకెళ్ళే ముందు ఇంట్లో ఒకసారి ఇసుక పోసి చూడొచ్చా, లేక విరుగుతుందని వదిలేయాలా?

టీచరమ్మ
తీసుకెళ్ళేదాన్ని వదిలేయండి. చెక్క ఒకసారి లోపల చిట్లితే బయటికి కనపడదు, రెండోసారి తక్కువకే పోతుంది. ఓపికుంటే అలాంటిదే ఇంకొకటి కట్టి దాన్ని విరగ్గొట్టుకోమనండి. పరీక్షల కంటే పిల్లలకి అదే ఇష్టం.

విరగ్గొట్టేటప్పుడు బకెట్ అడుగు నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులోనే ఉండాలి, కింద పాత దుప్పటి వేయండి. కళ్ళకి ఏదో ఒక అద్దాలు పెట్టండి, పుల్ల ముక్కలు ఎగురుతాయి. కాళ్ళు బకెట్ కింద పెట్టనివ్వకండి. ఇసుక గ్లాసుతో కొంచెం కొంచెంగా, ఒకే చేత్తో, బకెట్ ఊగకుండా పోయాలి. ఫోను ఒక పక్కన కదలకుండా పెట్టి స్లో మోషన్‌లో తీయండి, ముందు ఏ పుల్ల పోయిందో మామూలు కంటికి దొరకదు. బ్రిడ్జి చివరల్ని బల్లలకి టేపుతో అంటించకండి, ఊరికే ఆన్చి ఉంచాలి, లేకపోతే స్కూల్లో వచ్చే లెక్క వేరేగా ఉంటుంది.

చెక్కపని
ఖాళీ బకెట్ కూడా తూచి కలపమనండి.